ఫీడ్‌లో మన మనుషులు ఎటు పోయారు?

చింతచెట్టు_కింద
నిన్న రాత్రి పడుకునే ముందు ఒక పని చేశాను. రోజూ చూసే సోషల్ మీడియా యాప్ తెరిచి, పక్కన పాత డైరీ పెట్టుకుని, కనబడిన ప్రతి పోస్టుకీ ఒక గీత గీశాను. యాభై వరకు లెక్కపెట్టాను. అందులో నాకు తెలిసినవాళ్ళు పెట్టినవి ఆరు. ఆ ఆరులో మూడు పెళ్ళిరోజు ఫోటోలు, ఒకటి ఇల్లు అద్దెకిస్తామని. మిగతా నలభై నాలుగూ ముక్కూ మొహం తెలియనివాళ్ళవి. ఎక్కడో మంచులో కూరుకుపోయిన కారుని ఎవరో తవ్వుతున్నారు, ఎవరో కత్తితో సబ్బు కోస్తున్నారు, ఒకాయన గొంతు చించుకుని రాజకీయం మాట్లాడుతున్నాడు, చీరల దుకాణం, మళ్ళీ సబ్బు.

2006లో కాకినాడలో నెట్ సెంటర్‌కి గంటకి పదిహేను రూపాయలిచ్చి ఆర్కుట్ అనే సోషల్ సైట్ చూసినవాణ్ణి నేను. ఆ గంటలో చదివే స్క్రాప్‌లన్నీ, అంటే మన పేజీలో రాసిపెట్టే మెసేజ్‌లన్నీ, మా క్లాసువాళ్ళవే. ఇప్పుడు నా లిస్టులో 640 మంది ఉన్నారు. వీళ్ళంతా రాయడం మానేశారా, రాస్తున్నా నాకు చూపించడం లేదా? ప్రపంచమంతా ఇందులోకి వచ్చేసింది అంటారు. మరి నా మనుషులు ఎటు పోయారు?

కందిపొడి
రెండూనండి. నేను మానేసిన బ్యాచ్. 2019 తరవాత ఒక్క పోస్టు పెట్టలేదు. చూడటం మాత్రం రోజూ చూస్తాను.

రాత్రి_షిఫ్ట్
మీ లెక్క తప్పేం కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ మీద వేసిన గుత్తాధిపత్యం కేసు 2025 ఏప్రిల్‌లో విచారణకు వచ్చింది. అప్పుడు మెటా లాయర్లే కోర్టులో ఒక లెక్క చూపించారు. ఫేస్‌బుక్‌లో జనం గడిపే సమయంలో స్నేహితుల పోస్టులు చూసేది 17 శాతం, ఇన్‌స్టాగ్రామ్‌లో 7 శాతం. అంతకు రెండేళ్ళ ముందు 22, 11 ఉండేవి. మా పోటీ టిక్‌టాక్‌తో, యూట్యూబ్‌తో, స్నేహితుల పోస్టులు ఇప్పుడు మా దగ్గర చిన్న భాగమే అని వాళ్ళ వాదన. నవంబర్‌లో తీర్పు కూడా మెటా వైపే వచ్చింది.

డాలస్_గుమ్మం
చిన్న సవరణ. ఆయన లెక్కపెట్టింది పోస్టుల్ని, కోర్టులో చెప్పింది సమయాన్ని. రెండూ ఒకటి కాదు. పోకడ మాత్రం ఒకటే, ఒప్పుకుంటా.

గోదారి_గట్టు
ఆర్కుట్ అనగానే ప్రాణం లేచొచ్చింది. మన గురించి నాలుగు మంచి మాటలు, అదే టెస్టిమోనియల్, రాయమని బతిమాలుకున్న రోజులు! మా హాస్టల్లో ఒకడు టెస్టిమోనియల్‌కి ఎగ్ పఫ్ రేటు పెట్టాడు. 2014 సెప్టెంబర్ 30న మూసేస్తున్నారంటే ముందురోజు రాత్రంతా కూర్చుని స్క్రాప్‌లన్నీ నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకున్నా. ఆ ఫైలు ఇప్పటికీ ఉంది.

చింతచెట్టు_కింద
@గోదారి_గట్టు మీ వాడు చవక. మా దగ్గర సినిమా టికెట్.

జగిత్యాల_పిల్ల
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, నా మాట కూడా వినండి. మా బాపు దుబాయ్‌లో పదిహేడేళ్ళు పనిచేశాడు. వెళ్ళినప్పుడు, అంటే 2007లో, నాకు ఆరేళ్ళు. శుక్రవారం ఒక్కరోజు కార్డు కొనుక్కుని ఫోన్ చేసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, మాట్లాడి, నానమ్మ మాట్లాడి, ఫోన్ నా చేతికి వచ్చేసరికి కార్డులో పైసలు అయిపోయేవి. "బిడ్డా, తిన్నవా" అన్నంతవరకే వినబడేది.

2016 సెప్టెంబర్‌లో జియో మొదలైంది కదా, ఆ ఏడాది చివర్లో మా ఇంటికీ సిమ్ వచ్చింది. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, ఆ ప్రభుత్వం ఆపేసింది, అందుకని మా ఊళ్ళో గల్ఫ్ ఇళ్ళన్నిట్లో ఇమో అనే వీడియో కాల్ యాప్ ఉంటుంది. సాయంత్రం అవ్వ ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టేది. ఇటు మేము తింటుంటే అటు క్యాంపు గదిలో మంచం మీద కూర్చుని బాపు తినేవాడు. ఒక్కోసారి మాటలు కూడా ఉండేవి కావు. మా గిన్నెల చప్పుడు వింటూ తినేవాడు. రెండేళ్ళకోసారి నలభై రోజుల సెలవు తీసేస్తే నేను మా బాపుతో కలిసి అన్నం తిన్నది ఆ బియ్యం డబ్బా ముందే. సబ్బు కోసే వీడియోలు వస్తున్నాయని మొత్తాన్నీ తిట్టకండి.

కందిపొడి
బియ్యం డబ్బా దగ్గర కళ్ళు చెమ్మగిల్లాయి తల్లీ.

రాత్రి_షిఫ్ట్
@జగిత్యాల_పిల్ల నువ్వు చెప్పింది కాల్ గురించి అమ్మా. ఆయన అడిగింది ఫీడ్ గురించి. మన మనిషిని మనం వెతుక్కుని మాట్లాడటం వేరు, ఎవడో ఏరి మన ముందు పోసింది చూస్తూ కూర్చోవడం వేరు.

జగిత్యాల_పిల్ల
ఆ తేడా మీకు తెలుసు సార్. మా అవ్వకి అన్నీ ఒకటే ఫోన్లో ఉన్నాయి. నెట్ అంటే ఆమెకి ఇమో, వాట్సాప్, యూట్యూబ్. మూడు బొమ్మలు, అంతే. బాపుతో కాల్ అయిపోగానే అదే చేత్తో ఎవరో పంపిన వీడియో నొక్కేది. బాపు మాట ఎంత నమ్మేదో అదీ అంతే నమ్మేది.

బర్మా_క్యాంప్
ఆ మూడు బొమ్మల మాట దగ్గర ఆగిపోయాను. నెట్ అంటే ఒక్కటే బొమ్మ అయిన దేశం ఒకటుంది, బర్మా, ఇప్పటి మయన్మార్. మావాళ్ళు అక్కడే ఉన్నారు. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది విశాఖలో బర్మా క్యాంప్. మా తాతగారి నాన్న కోరంగి వైపు నుంచి రంగం వెళ్ళారు, రంగూన్‌ని మా ఇంట్లో ఇప్పటికీ రంగం అనే అంటారు. కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళం కాబట్టి అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు. 1960ల్లో సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ జాతీయం చేసినప్పుడు మా తాత కట్టుబట్టలతో ఓడెక్కి ఇటు వచ్చేశారు, ఆయన అన్న మౌల్మీన్‌లో ఉండిపోయారు. కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచాయి, తరవాత అవీ ఆగిపోయాయి.

బర్మాలో సిమ్ కార్డు అంటే ఒకప్పుడు వందల డాలర్లు. 2014లో విదేశీ కంపెనీలు రెండు వచ్చి 1500 క్యాట్లకే అమ్మాయి, అంటే డాలరున్నర. ఫోన్ కొన్నవాడికి దుకాణంలోనే ఫేస్‌బుక్ ఖాతా తెరిచి ఇచ్చేవారు. ఈమెయిల్ లేదు, వెబ్‌సైట్లు లేవు, నెట్ అంటే ఫేస్‌బుక్. 2015లో మా బాబాయి మా ఇంటిపేరు ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా కొట్టి వెతుకుతుంటే మౌల్మీన్‌లో ఒకమ్మాయి దొరికింది. ప్రొఫైల్లో గోడ మీద ఒక పాత ఫోటో కనబడుతోంది. అది మా ముత్తాత ఫోటో, మా హాల్లో ఉన్నదే. యాభై ఏళ్ళ తరవాత అన్నదమ్ముల పిల్లలు కలిశారు. కాబట్టి దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

అదే దేశంలో అదే ఫోన్లలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. 2014 జులైలో మాండలేలో ఒక అమ్మాయి మీద అత్యాచారం జరిగిందని ఫేస్‌బుక్‌లో పుకారు లేచింది. అబద్ధం. అల్లర్లు జరిగి ఇద్దరు చచ్చిపోయారు, ఒక బౌద్ధుడు, ఒక ముస్లిం. అప్పుడే మేలుకోవాల్సింది. 2015 మొదట్లో కూడా ఆ దేశపు పోస్టులు చూడటానికి బర్మా భాష వచ్చినవాళ్ళు ఆ కంపెనీకి ఇద్దరే ఉన్నారట, తరవాత వార్తా సంస్థలు బయటపెట్టాయి. ఇద్దరు! దేశమంతా కక్కే విషాన్ని ఇద్దరు చదవాలి. 2017 ఆగస్టు నుంచి సైన్యం దాడులకి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యా ముస్లింలు ప్రాణాలు అరచేత పట్టుకుని బంగ్లాదేశ్‌కి పారిపోయారు. ద్వేషం పెంచడంలో సోషల్ మీడియా పాత్ర ఉందని ఐక్యరాజ్యసమితి పరిశీలకులు 2018లో చెప్పారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఫేస్‌బుక్ అక్కడి సైన్యాధిపతి ఖాతా తీసేసింది, నవంబర్‌లో మేము చేయాల్సినంత చేయలేదని కంపెనీ ఒప్పుకుంది. ఒప్పుకున్నప్పటికి గుడిసెలు కాలిపోయి ఏడాది దాటింది.

తెనాలి_తమలపాకు
ఇద్దరేనా... నమ్మలేకపోతున్నా.

డాలస్_గుమ్మం
ఇంకో చిక్కు కూడా ఉండేది అక్కడ. బర్మాలో ఎక్కువమంది వాడేది జాగ్యీ అనే ఫాంటు, కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే యూనికోడ్ కాదు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌లో కొట్టిన మేటర్ తెచ్చి యూనికోడ్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలైపోవడం చూశారుగా, అచ్చం అదే. మనుషులు చాలరు సరే, మెషిన్‌కైనా సరిగ్గా చదవరాదు. ఆ దేశం అధికారికంగా యూనికోడ్‌కి మారింది 2019 అక్టోబర్‌లో.

గోదారి_గట్టు
అను ఫాంట్ పోలికతో మొత్తం అర్థమైంది. మన సంగతి ఎంత బాగుందని? మా చెల్లెలి ఫోటో కింద ఒకడు తెలుగు బూతు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఏ వేదికో చెప్పను, పెద్దదే. రిపోర్ట్ కొడితే రెండు రోజులకి జవాబు వచ్చింది, ఇందులో నిబంధనలకి విరుద్ధమైనదేమీ లేదని. మా బంధువులు పదిహేను మందితో రిపోర్ట్ కొట్టించాం, అదే జవాబు. అది ఎంత నీచమైన మాటో మా ఊరి రచ్చబండ మీద కూర్చున్న ఎవరిని అడిగినా చెప్తారు. చివరికి చెల్లెలే ఖాతా మూసేసుకుంది.

వనపర్తి_వాన
@బర్మా_క్యాంప్ మాండలే మాట చదివి ఇది రాస్తున్నా. 2018 మే నెల, మా వైపు ఊళ్ళన్నిట్లో పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగు దిగిందని వాట్సాప్‌లో వీడియోలు. ఎవరి పిల్లలో, ఏ దేశమో తెలియదు, కింద మాత్రం మన పక్క ఊరి పేరు. నేను డిగ్రీ చదివినవాణ్ణి. నేనే దాన్ని పదకొండు గ్రూపుల్లోకి పంపాను. జాగ్రత్త చెబుతున్నాను అనుకున్నాను. ఆ వారమంతా మా ఊళ్ళో మగవాళ్ళు కర్రలు పట్టుకుని రాత్రిళ్ళు కాపలా. మూడో రాత్రి బస్సు తప్పిపోయి నడిచి వస్తున్న ముసలాయన్ని పట్టుకున్నారు. భాష సరిగ్గా రాదు, సంచిలో రెండు లుంగీలు, ఒక పాల గ్లాసు. ఆ గ్లాసు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది, స్టీలుది, అంచు నొక్కుకుపోయింది. మా పెద్దనాన్న అడ్డం నిలబడ్డాడు కాబట్టి ఆయన బతికాడు.

గద్వాల, వనపర్తి జిల్లాల్లో పోలీసులు అప్పుడు డప్పులు పట్టుకుని ఊరూరా తిరిగారు, పాటలు కట్టించి ఈ వీడియోలు అబద్ధమని చెప్పించారు. మా ఊరికీ వచ్చారు. ఫోన్లో వచ్చిన పుకారు డప్పుతో పోయింది. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టుబాటు తెచ్చింది, 2019 జనవరిలో ప్రపంచమంతా అదే పెట్టింది. ఆ ఐదు అంకె వెనక మన దేశంలో గుంపులు కొట్టి చంపిన మనుషులున్నారు. ఫార్వర్డ్ బాణం చూసినప్పుడల్లా నాకు ఆ గ్లాసు గుర్తొస్తుంది.

కందిపొడి
మీరు రాసినందుకు దండం. నేను పంపాను అని ఒప్పుకునేవాళ్ళు ఎక్కడా కనబడరు.

తెనాలి_తమలపాకు
కాసేపు వెలుతురు కూడా చూద్దాం. మస్తానమ్మ గారు గుర్తున్నారా? గుంటూరు జిల్లా గుడివాడ, కృష్ణాలోది కాదు, మా తెనాలి వైపుది. వందేళ్ళు దాటిన మనిషి, చదువు లేదు, పొలం గట్టున నేల మీద కూర్చుని కట్టెల పొయ్యి మీద వండేది, మునిమనవడు వీడియో తీసేవాడు. పుచ్చకాయలో చికెన్ పెట్టి వండిన వీడియో దేశదేశాలవాళ్ళు చూశారు. ఆమె అల్లం పొట్టు గోటితో తీస్తుంటే మా అమ్మమ్మే కనబడేది నాకు. 2018 డిసెంబర్‌లో పోయింది. కింద కామెంట్లలో ఎన్ని భాషల్లో ఏడ్చారో! పత్రికలు, టీవీలు ఉన్నన్నాళ్ళూ ఆ గట్టు దగ్గరికి ఎవరైనా వెళ్ళారా?

జగిత్యాల_పిల్ల
మా గంగవ్వ సంగతి కూడా చెప్పండి మరి! లంబాడిపల్లి మా జిల్లానే. యూట్యూబ్‌లో ఆమె మై విలేజ్ షో చూసి మా బాపు క్యాంపులో గది మొత్తాన్ని నవ్వించేవాడట. ఆ గదిలో బీహారీలు, బంగ్లావాళ్ళు కూడా ఉండేవారు, మాట అర్థంకాకపోయినా నవ్వేవాళ్ళు.

రాత్రి_షిఫ్ట్
వాళ్ళ గొప్పతనం వాళ్ళది, కాదనను. మస్తానమ్మ గారి వీడియో పైకి తెచ్చింది, మాండలే పుకారు పైకి తెచ్చింది ఒకే రకం లెక్క. ఎంతసేపు చూశారు, ఎంతమందికి పంపారు. మంచీ చెడ్డా దానికి తెలియదు.

డాలస్_గుమ్మం
తెలియదు అంటే వదిలేసినట్టు అవుతుంది, రాసినవాళ్ళు మనుషులే. 2017లో ఫేస్‌బుక్ లైక్‌కి ఒక విలువ ఇస్తే ప్రేమ, నవ్వు, కోపం బొమ్మలకి ఐదు రెట్లు ఇచ్చింది. అంటే మనకి కోపం తెప్పించిన పోస్టు ఐదు రెట్లు గట్టిగా పైకి వెళ్ళేది. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని బయటపెట్టిన లోపలి కాగితాల్లో ఇదంతా ఉంది. లోపలివాళ్ళే వద్దని చెప్పగా చెప్పగా 2020లో కోపానికి విలువ సున్నా చేశారు. మూడేళ్ళు పట్టింది. నేను ఇదే రంగంలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఆ అంకె మార్చడానికి పట్టేది ఒక మధ్యాహ్నం.

చింతచెట్టు_కింద
నేనేదో నా ఫ్రెండ్స్ కనబడటం లేదని అడిగితే ఎక్కడిదాకో వెళ్ళింది. అన్నీ చదువుతున్నా, ఆపకండి.

పంతులమ్మ_రాజాం
ప్రభుత్వ బడిలో ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను. మా తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల కూచిపూడి బాగా చేస్తుంది. వేసవిలో వాళ్ళ మేడ మీద చేసిన వీడియో పెట్టింది. మంచి మాటలు డెబ్భై వచ్చాయి. మూడు కామెంట్లు రంగు గురించి. తీసేసింది. బడి తెరిచాక ఆగస్టు పదిహేనుకి పేరు ఇమ్మంటే ఇవ్వలేదు. "డెబ్భై మంది బాగుందన్నారు కదే" అంటే, "ఆ మూడు చదివితే మిగతావి కనబడవు టీచర్" అంది. పదమూడేళ్ళు లేనిదే ఖాతా ఇవ్వమని అంటారు గానీ మా ఆరో తరగతి పిల్లలకి కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో చేసినట్టు ఇక్కడా చేయాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

కందిపొడి
ఆస్ట్రేలియాలో ఏం చేశారు మేడం?

పంతులమ్మ_రాజాం
పదహారేళ్ళ లోపు వాళ్ళకి ఖాతాలు ఉండకూడదని 2024 నవంబర్‌లో చట్టం చేశారు. 2025 డిసెంబర్ 10 నుంచి అమలు. పిల్లల్ని, తల్లిదండ్రుల్ని శిక్షించరు, కంపెనీకే జరిమానా. నాకు నచ్చింది అదే.

గోదారి_గట్టు
పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చి కొడతారు, అయిపోతుంది. నిషేధాలతో పని జరగదు మేడం.

తెనాలి_తమలపాకు
నిషేధం అంటే నేపాల్ గుర్తొస్తోంది. 2025 సెప్టెంబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ సహా 26 వేదికలు ఒకేసారి ఆపమన్నారు, నమోదు చేసుకోలేదని. మా అత్తయ్యగారు అప్పుడే ముక్తినాథ్ యాత్రకి వెళ్ళి పోఖరాలో ఉన్నారు, రెండు రోజులు మాట లేదు, ఇంట్లో ఒకటే టెన్షన్. 8న యువత వీధుల్లోకి వస్తే కాల్పులు జరిగి ఆ ఒక్కరోజే 19 మంది పోయారు. ఆ రాత్రి నిషేధం ఎత్తేశారు, మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా. తరవాత ఆ కుర్రాళ్ళు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో చర్చ పెట్టి మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కీ పేరు తేల్చారు, 12న ఆమె తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు. కారణాలు వేరే చాలా ఉన్నాయి, అవినీతి, ఉద్యోగాలు లేకపోవడం. అగ్గిపుల్ల మాత్రం ఆ నిషేధమే.

పంతులమ్మ_రాజాం
పెద్దవాళ్ళ నోరు మూయడం వేరు బాబూ, పదకొండేళ్ళ పిల్లని కాపాడటం వేరు. రెండూ ఒకే గాటన కట్టొద్దు. గోదారి_గట్టు గారూ, పుట్టిన సంవత్సరం మారుస్తారు, నిజమే. ఆ మార్పు పట్టుకోవాల్సిన పని వాళ్ళది అని చట్టం అంటోంది. మా బడిలో 38 మంది పిల్లలకి ఒక్కదాన్ని, నేను పట్టుకోగలనా?

గోదారి_గట్టు
నా చెల్లెలి సంగతి రాసిన నేనే మీతో వాదిస్తున్నా, ఆలోచిస్తే నాకే ఇబ్బందిగా ఉంది. రిపోర్ట్ చదివే మనిషి ఒకడు ఉంటే చాలు అన్నది నా బాధ. మీదీ అదేనేమో.

బర్మా_క్యాంప్
అదేనండి. ఫేస్‌బుక్‌కి 100 కోట్ల మంది అయింది 2012 అక్టోబర్‌లో, 200 కోట్లు 2017 జూన్‌లో. మధ్యలో చేరిన ఆ వంద కోట్లలో బర్మావాళ్ళు ఉన్నారు, జగిత్యాల అవ్వలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళు చేరడానికి కంపెనీలు పడ్డ తొందర, వాళ్ళ భాష చదివే మనిషిని పెట్టడానికి పడలేదు. నాకున్న కోపమంతా దాని మీదే. మావాళ్ళని నాకు ఇచ్చినందుకు కృతజ్ఞత ఉంది, కోపమూ ఉంది. రెండూ పోవు.

రాత్రి_షిఫ్ట్
@చింతచెట్టు_కింద మీ మొదటి ప్రశ్నకి పనికొచ్చే మాట ఒకటి. చాలా యాప్‌లలో మెనూ లోపలికి వెళ్తే స్నేహితుల పోస్టులు మాత్రమే తేదీ వరుసలో చూపించే చోటు ఉంటుంది. పైకి కనబడదు, వెతకాలి. ఇవాళ చూడండి.

చింతచెట్టు_కింద
చూశాను. గంట క్రితం.

నాతో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడు, రాజమండ్రి. ఇరవై రోజుల క్రితం వాళ్ళ నాన్న పోయారని పోస్టు. దశదిన కర్మ తేదీ, చోటు అన్నీ రాశాడు. నాకు రాలేదు. ఆ ఇరవై రోజులూ నేను రోజూ యాప్ తెరిచాను, సబ్బులు చూశాను. ఆ నాన్నగారు హాస్టల్‌కి వచ్చినప్పుడల్లా మా గదిలో ఆరుగురికీ పూతరేకులు తెచ్చేవారు, ఒక్కొక్కళ్ళకీ విడిగా పొట్లం కట్టించి, మీద పేరు రాయించి.

వెంటనే ఫోన్ చేశాను. వాడు అన్న మొదటి మాట, "నువ్వు చూసి కూడా ఏమీ అనలేదనుకున్నాన్రా." నాకు నోట మాట రాలేదు. జరిగింది చెప్పాను, నమ్మాడో లేదో తెలియదు. గంటన్నర మాట్లాడుకున్నాం. వచ్చే శనివారం వెళ్తున్నాను.

కందిపొడి
అయ్యో. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. నేనూ ఇప్పుడు ఆ మెనూ వెతుకుతున్నా.

వనపర్తి_వాన
వెళ్ళి రండి అన్నా.

జగిత్యాల_పిల్ల
పూతరేకుల మీద పేర్లు... మా బాపు కూడా అంతే, సూట్‌కేసులో ఎవరి సబ్బు మీద వాళ్ళ పేరు రాసి తెచ్చేవాడు. ఇప్పుడు ఇంటికి వచ్చేశాడు లెండి, పొలం చూసుకుంటున్నాడు. అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టమని అరిచేది ఆయనే.

చింతచెట్టు_కింద
@బర్మా_క్యాంప్ ఒక మాట అడగనా? మీవాళ్ళది కోరంగి దగ్గర ఏ ఊరు? నేను కాకినాడలోనే ఉంటాను, బండి మీద దగ్గరే.

బర్మా_క్యాంప్
ఇంజరం అని చెప్పేవారు తాత. మాలో ఎవరూ వెళ్ళి చూడలేదు. మౌల్మీన్ వాళ్ళతో ఇప్పుడు మాట్లాడటం కష్టం, 2021లో సైన్యం మళ్ళీ గద్దెనెక్కాక ఫేస్‌బుక్ ఆపేశారు, నిషేధం దాటించే వీపీఎన్ పెట్టుకుని ఎప్పుడో వస్తారు.

చింతచెట్టు_కింద
ఆదివారం వెళ్ళి ఫోటోలు తీసి పెడతాను. వాళ్ళు వచ్చినప్పుడు చూపించండి.

బర్మా_క్యాంప్
రామాలయం పక్కన పెద్ద రావిచెట్టు ఉండేదట, దాని కిందే ఓడ ఎక్కేవాళ్ళకి అన్నాలు పెట్టేవారట. చెట్టు ఉందో లేదో చూడండి చాలు.